లోపల ఎంతమంది

2011 మార్చి, ఒక శుక్రవారం. అరబ్బు దేశంలో, అర్దియాలో మామా వాళ్ల ఇల్లు. మేం పనిచేసే ఇంటి యజమానురాలిని మామా అనే పిలవాలి. సంసారమంతా ముందురోజే సముద్రం ఒడ్డున ఉన్న విడిది ఇంటికి, షాలేకి పోయింది. పోతూ పోతూ మామా ఇనప తలుపుకు బయట తాళం వేసింది. మాకంటే ముందు పనిచేసిన పిల్ల పారిపోయిందట, అందుకే మా మీద ఇంత ప్రేమ. కిటికీలకు కమ్ములు. పాస్‌పోర్టులు ఆమె బీరువాలో. నేను పిల్లల యూనిఫారాలు ఇస్త్రీ చేస్తున్నాను. జ్యోతిలక్ష్మి వంటగదిలో కింద కూర్చుని బియ్యం ఏరుతోంది.

ఇద్దరిదీ కోడూరు దగ్గర ఒకటే ఊరు. వాళ్ల తాత నలభై ఎకరాల చీనీతోటకు, అంటే బత్తాయితోటకు ఆసామి. మా తాత నాగన్న ఆ తోటలో జీతగాడు. ఇప్పుడు తోటా లేదు, ఆసామీ లేడు. ఆయన మనవరాలు నాతో సమానంగా అరబ్బుల అంట్లు తోముతోంది. ఆ సంగతి రోజుకొకసారైనా గుర్తుచేయకపోతే నాకు తిన్నది అరగదు.

"మీ తాత మా తాతకు తాళమేసె. మామా మనిద్దరికీ ఏసె. ఎట్లుంది మే, తాళం రుచి?"

"మళ్లా మొదలుపెట్టినావా రెడ్డెమ్మక్కా? చచ్చిపోయినోళ్లను వదిలెయ్."

"వాళ్లను మీవాళ్లు వదిల్నారా?"

మా అవ్వ చెప్పేది. పొద్దుగూకేవేళ ఆసామి తోట వాకిట నిలబడి "లోపల ఎంతమందిరా?" అని కేకేసేవాడట. లోపలివాళ్లు లెక్క చెప్పాలి. చెప్పాక తాళం. ఒక ఎండాకాలం తోట చుట్టూ ఉన్న ముళ్లకంపకు నిప్పంటుకుంది. ఐదుగురం అని చెప్పినవాళ్లు ఐదుగురూ కాలిపోయారు. జ్వరంతో ఉన్న మా తాతకు గంజి తెచ్చి అక్కడే ఉండిపోయిన మా అవ్వను మాత్రం ఎవరూ లెక్కలో చెప్పలేదు. తెల్లారేసరికి ఆమె కంపకు బయట ఉంది. ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

"లెక్కలో పడితే బయటికి రావు బిడ్డా" అనేది. అంతకు మించి చెప్పేది కాదు.

"మా ఇంట్లో అట్ల చెప్పరు," అంది జ్యోతి. "తాళంచెవి బాయిలో పడిందంట. మా తాత వాకిట్లో పడి ఏడ్చినాడంట."

"ఏడ్చింటాడు లే. చీనీచెట్లు కాలిపాయె గదా."

సాయంత్రం నాలుగున్నరకు కిటికీ ఎర్రబడింది. చూస్తుండగానే ఎరుపు నలుపైంది. ఎడారి దుమ్ము ఇంటి మీద విరుచుకుపడింది. కరెంటు పోయింది. కమ్ముల సందుల్లోంచి దుమ్ము పొగలా లోపలికి వచ్చింది. నాలుక మీద మట్టి. కిటికీలకు తడిగుడ్డలు కుక్కాను.

జ్యోతికి ఆయాసం అందుకుంది. ఇన్‌హేలర్ నొక్కింది. ఖాళీ. మామా వాళ్లతో పోయిన డ్రైవరు ఖాజావలికి ఫోన్ చేశాను.

"వస్తాండాం అక్కా, దోవ కనపడ్డంల్యా..." అన్నాడు. తెగిపోయింది. తర్వాత ఏ నంబరూ కలవలేదు. తలుపు బాదాను. కమ్ములు పట్టుకుని అరిచాను. గాలి తప్ప ఎవరూ పలకలేదు. జ్యోతి గొంతులో పిల్లికూతలు.

అప్పుడు వచ్చింది ఆ వాసన. చీనీపూత వాసన. తియ్యగా, చిక్కగా... ఆ దుమ్ములో.

తలుపు అవతల ఎవరో దగ్గారు.

"లోపల ఎంతమందిరా?"

ఖాజావలి గొంతు కాదు. అతను కాక ఆ వీధిలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే.

జ్యోతి ముఖం వెలిగింది. మనిషి వచ్చాడనుకుంది. నోరు తెరిచింది. నేను దాని నోరు మూశాను. అరచేతి కింద దాని ఊపిరి కొట్టుకుంటోంది. గోళ్లతో నా చెయ్యి గీరింది.

"చెప్పద్దు మే... లెక్క చెప్పద్దు..."

"ఎంతమందిరా?"

ఇంకో నిమిషం పట్టుకుంటే నేనే చంపేస్తాను. వదిలితే చెప్పేస్తుంది. దాని కాళ్లు నేలకు కొట్టుకున్నాయి.

చెయ్యి తీశాను. అది గాలి పీల్చుకునేలోపే అరిచాను.

"ఒక్కదాన్నే!"

లెక్కలో నేనొక్కదాన్నే పడ్డాను. ఎవరి కోసం? ఆసామి మనవరాలి కోసం. మా అవ్వ విని ఉంటే చెప్పు తీసుకునేది.

బయట తాళాన్ని ఒకసారి లాగి చూసుకున్న చప్పుడు. అడుగులు దూరమయ్యాయి.

చీకట్లో తడుముకుని జ్యోతి తలను ఒళ్లో పెట్టుకున్నాను. పిల్లికూతలు తగ్గాయి. ఊపిరి నెమ్మదించింది. నా వేళ్లలో వేళ్లు దూర్చి గట్టిగా పట్టుకుంది. "ఏం కాదు లే మే, వచ్చేస్తారు" అన్నాను. దానితో అంత మెత్తగా ఎప్పుడూ మాట్లాడలేదు. జుట్టు నిమురుతూ అలాగే కూర్చున్నాను. గంట... రెండు గంటలు.

తాళం తిరిగింది. టార్చి వెలుగు. ఖాజావలి.

"రెడ్డెమ్మక్కా! యాడుండావ్? జ్యోతికేం కాలేదు, భయపడాకు. గేటు కాడ మెట్టు మీద కూర్చోనుంది, మామా నీళ్లు తాపిస్తాంది. ఆ పిల్ల ఎట్ల బయటికొచ్చె అక్కా? తాళం నేనిప్పుడే గదా తీసింది?"

బయట దగ్గు వినబడింది. జ్యోతి దగ్గే. "అక్కా..." అని పిలిచింది.

లేవబోయాను. నా వేళ్లలో ఉన్న వేళ్లు వదల్లేదు. ఇంకాస్త బిగిశాయి.

టార్చి వెలుగు గోడ దిగి, నేల మీదుగా నా ఒడి వైపు వస్తోంది.

"ఆర్పు ఖాజావలీ..." అన్నాను. "నా దిక్కు వెయ్యొద్దు."