పళ్ళ డాక్టరుగారి సొంత మాట

ఆ క్లినిక్కులో డాక్టరు ఒక్కడే. బయట బెంచీ మీద కూర్చుని వినేవాళ్ళకి మాత్రం లోపల కనీసం నలుగురు డాక్టర్లు ఉన్నట్టు వినిపించేది.

తప్పు మధ్యలో ఉన్న చెక్క పార్టిషన్‌ది. గోడలకు చెవులుంటాయని అందరికీ తెలుసు. ఈ గోడకి నోరు కూడా ఉంది.

ఆ రోజు బెంచీ మీద కుడి దవడ వాచిన ఒక అమ్మాయి కూర్చుని ఉంది. కోర్టులో స్టెనో. ఎవరు ఏమన్నారో అక్షరం పొల్లుపోకుండా పట్టుకోవడం ఆమె ఉద్యోగం. కొన్నేళ్ళకి అదే జబ్బు కూడా అయింది.

ముందు ఒక బస్సు డ్రైవరు లోపలికి వెళ్ళాడు. “ఈ పన్ను క్లచ్చు పూర్తిగా అరిగిపోయింది గురూ. ఇంకా లాగావంటే ఎత్తు మీద ఆగిపోద్ది,” అన్నాడు లోపలి డాక్టరు.

తరవాత లెక్కల టీచరు. “ముప్ఫై రెండు మందిలో ముప్ఫై ఒక్కరు పాసు మేడమ్. ఈ మూల కూర్చున్నవాడొక్కడే ఫెయిలు. స్పెషల్ క్లాసు పెడదామా, టీసీ ఇచ్చి పంపించేద్దామా?”

తరవాత మొక్కల నర్సరీ నడిపే పెద్దావిడ. “వేరుకి పురుగు పట్టిందమ్మా. పైన ఎన్ని నీళ్ళు పోసి ఏం లాభం?”

ముగ్గురూ నవ్వుతూ బయటికి వచ్చారు. అందులో ఇద్దరికి పన్ను కూడా పోయింది. అయినా నవ్వుతూనే వచ్చారు.

స్టెనో వంతు వచ్చింది. డాక్టరు కుర్రవాడే. చీటీ మీద ఆమె ఉద్యోగం చదివాడు, మొహానికి ఒక కొత్త నవ్వు తగిలించుకున్నాడు.

“నమస్కారమండీ. మీ పన్ను కేసు చాన్నాళ్ళుగా వాయిదాలు పడుతున్నట్టుంది. ఇవాళ తీర్పు చెప్పేద్దామా?”

అమ్మాయి పన్ను చూపించలేదు. చేతులు కట్టుకుని అంది,

“డ్రైవరుగారికి క్లచ్చు అరిగింది. టీచరుగారికి ఒకడు ఫెయిలయ్యాడు. ఆ పెద్దావిడకి వేరుకి పురుగు పట్టింది. నాకేమో వాయిదాలు. నా వెనకాల బెంచీ మీద పోలీసాయన ఉన్నాడు. ఆయన పన్నుని అరెస్టు చేస్తారా?”

డాక్టరు నవ్వు సగంలో ఆగిపోయింది. పోలీసాయన కోసం అతను సరిగ్గా ఆ మాటే సిద్ధం చేసి పెట్టుకున్నాడు.

మూలన పరికరాలు కడుగుతున్న నర్సు చిన్నగా దగ్గింది. డాక్టరుతో సహా అందరూ ఆవిణ్ణి అక్కయ్య అంటారు. “నాలుగేళ్ళుగా వింటున్నానమ్మా. ఎవరో ఒకరు అడక్కపోతారా అని చూస్తున్నాను,” అంది.

“భయం పోవడానికండీ,” అన్నాడు డాక్టరు. “వాళ్ళ భాషలో మాట్లాడితే మనవాడే అనుకుంటారు.”

“ఏ ఎండకా గొడుగు అంటారు దాన్ని మా ఇంట్లో.”

“గొడుగు వల్ల ఎవరికేం నష్టమండీ?”

“పట్టుకున్న మనిషి మొహం కనపడదు. నా పన్ను చూడండి. దానికి భాష అక్కర్లేదు.”

చూశాడు. ఇంజెక్షన్ ఇచ్చాడు, బుగ్గలో దూది పెట్టాడు, పని మొదలుపెట్టాడు. అమ్మాయిలు నోరు తెరుచుకుని, ఒక పక్క బుగ్గ ఉబ్బించుకుని, పై దీపానికి కళ్ళు చిట్లిస్తున్నప్పుడు ప్రేమలో పడ్డవాళ్ళు లోకంలో తక్కువ. ఇతను పడ్డాడు. మాట్లాడే వీలు లేని ఆ ఇరవై నిమిషాలూ ఆమె కళ్ళతోనే అతన్ని తిట్టింది, ఒక్క తిట్టు కూడా రెండోసారి రాకుండా.

“పని అయ్యాక కాఫీకి వెళ్దామా?” అన్నాడు ఉండబట్టలేక.

“ఆ... ఆ,” అంది.

ఒప్పుకుందనుకున్నాడు. పళ్ళ డాక్టర్లకుండే జబ్బే ఇది. నోరు తెరిపించి ప్రశ్నలు అడుగుతారు, వచ్చిన శబ్దాన్ని అంగీకారం కింద రాసుకుంటారు.

దూది తియ్యగానే ఆమె అంది, “నోట్లో దూది కుక్కి తీసుకున్న ఒప్పుకోలు చెల్లదు. మళ్ళీ అడగండి.”

“కాఫీకి...”

“రెండు గంటలు వేడివేం తాగకూడదని మీరే రాశారు,” అంటూ చీటీ చూపించి లేచింది. తలుపు దాకా వెళ్ళి ఆగింది. “మూడో గంటకి కోర్టు వెనక క్యాంటీన్లో ఉంటాను.”

అక్కయ్య ఆ రోజు కడిగిన పరికరాలే మళ్ళీ కడిగింది, సంబరం పట్టలేక.

అలా మూడు నెలలు గడిచాయి. మీరు కాస్తా నువ్వు అయింది. కానీ ఒక్క కాఫీ పూర్తయ్యేలోపు అతను సర్వరుతో ఒకలా, పక్క బల్ల మీది గుమాస్తాతో ఒకలా, ఆమెతో అచ్చం ఆమెలా మాట్లాడేవాడు. బల్ల కింద నుంచి ఆమె అతని కాలు తొక్కేది. అతను ‘సారీ’ కూడా ఆమె యాసలోనే చెప్పేవాడు.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. ఇద్దరూ కోర్టు వరండాలో ఇరుక్కున్నారు. వాన కూడా వీళ్ళ సంగతేదో తేలేదాకా కదలనన్నట్టు కురుస్తోంది.

“నువ్వసలు ఇలా ఎందుకు తయారయ్యావు?” అంది.

“మా నాన్నకి రెండేళ్ళకోసారి బదిలీ. ఏడు స్కూళ్ళు మారాను. కొత్త స్కూల్లో నోరు విప్పితే చాలు, వెక్కిరించేవాళ్ళు. అందుకని రెండు రోజులు ఊరికే వినేవాణ్ణి. మూడో రోజుకి వాళ్ళలాగే మాట్లాడేవాణ్ణి. ఇంక ఎవరూ కొట్టేవాళ్ళు కాదు.”

“మరి ఇంట్లో?”

“అమ్మతో అమ్మలా, నాన్నతో నాన్నలా.”

“ఒక్కడివే ఉన్నప్పుడు?”

“ఈల వేస్తాను.”

ఆమె పకపకా నవ్వింది. నవ్వు ఆగాక ఆమెకి అతని మీద జాలేసింది. ఆ వెనకే ప్రేమ కూడా పుట్టుకొచ్చింది, కానీ అది పైకి చెప్పలేదు.

“మా నాన్న గురించి చెప్పనా?” అంది. “లాయరు. ముప్ఫై ఏళ్ళుగా ఎదుటివాళ్ళ వాక్యం పూర్తి కానివ్వలేదు. నాకు మూడు సంబంధాలొచ్చాయి. ముగ్గురూ నాన్న తాన అంటే తందాన అన్నారు. ఆయన పొంగిపోయాడు. వాళ్ళు వెళ్ళాక మాత్రం ‘వీడికిచ్చి చేసేకంటే ఇంట్లో ఉన్న అద్దానికిచ్చి చెయ్యడం నయం’ అన్నాడు. నాకూ అద్దం వద్దు.”

“మరి నేను...”

“నీ గురించి చెప్పాను. ఆయనకి పన్ను పగిలి మూడు రోజులుగా మూలుగుతున్నాడు. ‘రేపు పన్నూ చూపించుకుంటాను, అబ్బాయినీ చూస్తాను’ అన్నాడు. నువ్వు నీలా మాట్లాడు. ఆయనలా మాట్లాడావో, ఆయన సరే అన్నా నేను సరే అనను. ఆటలాడట్లేదు, నిజంగానే చెబుతున్నాను.”

“నాలా అంటే ఎలా?”

“నన్నడిగితే? నేనింతవరకు వింటే కదా.”

మర్నాడు పొద్దున అతను అక్కయ్య ముందు నిలబడి రిహార్సల్ చేశాడు. అంతా విని ఆవిడ, “ఇందులో నమస్కారం ఒక్కటీ ఉంచి మిగతాది తీసెయ్యి నాయనా,” అంది.

పది గంటలకి లాయరుగారు దవడ పట్టుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన కంటే ముందు ఆయన గొంతు వచ్చింది. “ఏమయ్యా, ప్రతివాదివి నువ్వేనా?”

డాక్టరు నోరు తెరిచాడు. పాతికేళ్ళ అలవాటు అతని కంటే ముందు బయటికి దూకింది. “అవునండీ. ముందస్తు బెయిలు కూడా తెచ్చుకోలేదు.”

లాయరుగారు విరగబడి నవ్వి, నొప్పితో మూలిగి, మళ్ళీ నవ్వారు. “కుర్రాడు గట్టివాడే.”

“ఈ పన్ను మీద స్టే కుదరదండీ. సాక్ష్యాలు బలంగా ఉన్నాయి.”

“భేష్. అయినా చూడు, నేను రోజూ ఐసు ముక్కలు నములుతాను. దానివల్ల పళ్ళు గట్టిపడతాయని నా వాదన. ఏమంటావు?”

“సహేతుకమైన వాదనే సార్.”

అక్కయ్య చేతిలో ట్రే జారి కిందపడింది. మూల కుర్చీలో కూర్చున్న స్టెనో లేచి నిలబడింది. బ్యాగు భుజాన వేసుకుంది. ఆమె మొహంలో కోపం కూడా లేదు. ఆ లేకపోవడం డాక్టరు చూశాడు.

చేతిలో ఉన్న చిన్న అద్దం పక్కన పెట్టేశాడు.

“కాదండీ,” అన్నాడు. “అబద్ధం చెప్పాను. మీ పన్ను పగిలిందే ఐసు నమలడం వల్ల. మీకు నచ్చాలని సహేతుకం అన్నాను. ముందస్తు బెయిలంటే ఏంటో నాకు సరిగ్గా తెలీదు. మీ అమ్మాయి చెబితే విన్న మాట.”

తరవాతి మాట కోసం వెతుక్కున్నాడు. మాటకీ మాటకీ మధ్య పెద్ద పెద్ద ఖాళీలు వచ్చాయి.

“మీ అమ్మాయంటే నాకు చాలా ఇష్టం. ఆవిడ లేకపోయినా బతుకుతానండీ. నలుగురితో నాలుగు రకాలుగా మాట్లాడుకుంటూ బానే బతికేస్తాను. కానీ నేనెవరని అడిగేవాళ్ళు ఉండరు. ఇంతవరకు ఆవిడొక్కతే అడిగింది. మీరంటే భయంగా ఉంది. చెయ్యి వణుకుతోంది. వణుకు తగ్గేదాకా మీకు ఇంజెక్షన్ ఇవ్వను.”

లాయరుగారు కుర్చీలో లేచి కూర్చున్నారు. మెడలో కాగితం తువ్వాలుతోనే విచారణ మొదలుపెట్టారు.

“మా అమ్మాయి కోపం సంగతి తెలుసా?”

“తెలుసండీ.”

“ఎలా తట్టుకుంటావు?”

“తెలీదండీ.”

“నాతో వాదించి గెలవగలవా?”

“లేదండీ. ఐసు విషయంలో మాత్రం మీరు తప్పు.”

“మళ్ళీ చెప్పు.”

“మీరు తప్పు.”

లాయరుగారు కూతురి వైపు తిరిగారు. “నా మొహం మీద ఈ మాట మీ అమ్మ తప్ప ఇంకెవరూ అనలేదే,” అన్నారు. ఆయన గొంతులో సంతోషం దాగలేదు. “సరే, ఇతను చెప్పాల్సింది చెప్పాడు. ఇక నువ్వు చెప్పు.”

స్టెనో నోరు తెరిచింది.

“నాకు... అంటే... ఇప్పుడు...”

అక్కయ్య కిందపడ్డ ట్రే సంగతి మర్చిపోయి స్టూలు లాక్కుని కూర్చుంది.

“స్పష్టంగా చెప్పమ్మా. ఇంత తెలిసినదానివి...” అన్నారు లాయరుగారు.

“ఆగు నాన్నా. నా వాక్యం నన్ను పూర్తి చేసుకోనీ.”

ఆయన నోరు మూసుకున్నారు. పన్ను నొప్పి వల్ల కాదు.

ఆమె డాక్టరు వైపు చూసింది. “పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంకొకళ్ళ మాటలే నా వేళ్ళ మీంచి పోతాయి. నిన్ను అన్ని మాటలన్నాను గానీ, నా మాటేదీ అని అడిగితే నాకూ దొరకట్లేదు. నువ్వంటే ఇష్టం. ఇందాక ఆగి ఆగి మాట్లాడావే, అప్పుడు ఇంకా ఇష్టం వేసింది. వెళ్ళిపోదామని లేచినదాన్ని, కాళ్ళు కదల్లేదు. అంతే. ఇంకేం రావట్లేదు.”

“చాలు,” అన్నాడు. “నాకూ ఇంకేం రావట్లేదు.”

“మీ మాటలు అయ్యాయిగా. ఇక నా పన్ను సంగతి చూడండి,” అన్నారు లాయరుగారు.

డాక్టరు తన కుడిచెయ్యి చాపి చూసుకున్నాడు. ఇందాకటి కంటే ఎక్కువ వణుకుతోంది. ఆమె బ్యాగు కుర్చీలో పడేసి వచ్చి, ఆ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

“ఇంకో ఐదు నిమిషాలు నాన్నా.”

లాయరుగారు ఏ అభ్యంతరమూ చెప్పలేదు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, ఆ ఐదు నిమిషాలూ ఇచ్చేశారు.