మచ్చలయ్య తొట్టెలో తెల్ల టైలు

"ఇసుక తీసేయాల్సిందే," అంది సైన్సు టీచరు, గాజు తొట్టె మూత మీద చెయ్యి ఆనించి.

బయట ముసురు పట్టి రెండు రోజులైంది. గది నిండా తడి గొడుగుల వాసన. ఆరో తరగతి పిల్లలంతా తొట్టె చుట్టూ మూగారు. లోపల మచ్చలయ్య ఇసుకకు పొట్ట ఆనించి, కళ్ళు సగం మూసుకుని పడుకున్నాడు.

మచ్చలయ్య ఒక గెకో. అంటే మన గోడల మీద తిరిగే బల్లికి దూరపు చుట్టం. పసుపురంగు ఒళ్ళు, ఒంటి నిండా నల్ల మచ్చలు, బొద్దుగా ఉండే తోక. రెండేళ్ళుగా సైన్సు గదిలోనే అతని కాపురం.

"పురుగుల్ని పట్టుకునేటప్పుడు వాటితో పాటు ఇసుక కూడా మింగేస్తున్నాడట. పొట్టలో పేరుకుపోయిందని జంతువుల డాక్టరు చెప్పారు. మందు వేశాం, ఈసారికి గండం గడిచింది. ఇక తొట్టెలో టైల్స్ పరుద్దాం," అంది టీచరు.

ఆమె మాట పూర్తవకముందే ఒక చెయ్యి గాల్లోకి లేచింది.

"టీచర్, మా అమ్మ టైల్స్ షాపులోనే పనిచేస్తుంది! నేను తెస్తాను టీచర్! ఏ రంగు కావాలంటే ఆ రంగు!"

ఆ చెయ్యి పిచ్చుకది. ఆ పిల్ల అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. పొద్దున గేటు దగ్గర మొదలుపెడితే సాయంత్రం గంట కొట్టేదాకా నోరు మూతపడదు. అందుకే ఆ పేరు.

"సరే, తీసుకురా. రేపంతా, ఎల్లుండి మధ్యాహ్నం దాకా నాకు ట్రైనింగ్ ఉంది. తొట్టె సర్దడం మీరిద్దరూ కలిసి చూడండి," అంటూ టీచరు వెనక నిలబడ్డ అమ్మాయి వైపు చూసింది.

ఆ అమ్మాయి తలూపి ఊరుకుంది. ఆమె నోట మాట రావడమే అరుదు. క్లాసులో అందరూ మూగనోము అంటారు. మచ్చలయ్యకు పురుగులు వేసేది, నీళ్ళు మార్చేది, వారానికోసారి చిన్న త్రాసులో తూచి నోట్‌బుక్కులో రాసేది ఆమే. తొట్టె మూత తాళంచెవి దారానికి కట్టి మెడలో వేసుకుంటుంది.

సాయంత్రం పిచ్చుక నేరుగా షాపుకు వెళ్ళింది. వెనక షెడ్డులో అమ్మ కటింగ్ మెషీన్ దగ్గర ఉంది. కళ్ళకు పెద్ద అద్దాలు, రబ్బరు ఏప్రాన్ నిండా తెల్ల బురద చుక్కలు. బ్లేడు మీద నీళ్ళు కారుతుంటే టైలు కీచుమంటూ రెండు ముక్కలవుతోంది.

సంగతి విని అమ్మ మెషీన్ ఆపింది. మూలన ఉన్న మిగులు ముక్కల కుప్ప చూపించింది.

"అందులోంచి తీసుకో. ఇదిగో, ఈ బూడిద రంగుది బావుంటుంది. గరుకుగా ఉంది, పట్టుకుని చూడు."

పిచ్చుక ముఖం ముడుచుకుంది. "ఛీ! బాత్రూములో వేసేది మా మచ్చలయ్యకా?"

కుప్పంతా తిరగేసి అడుగునుంచి ఒక తెల్ల టైలు లాగింది. పాలలా తెల్లగా ఉంది. సన్నని నీలం గీతలు. వంగి చూస్తే తన ముఖమే కనిపిస్తోంది.

"అది గోడకి వేసేదే తల్లీ. నేలకి పనికిరాదు. కాలు నిలవదు."

"మచ్చలయ్య ఏమన్నా చెప్పులేసుకుని తిరుగుతాడా అమ్మా? తొట్టెకే కదా!"

ముందు గదిలోంచి మేస్త్రీ ఒకాయన కేకేశాడు. తన టైల్స్ ఇంకా కొయ్యలేదేమని. అమ్మ అటు చూసి, ఇటు చూసి నిట్టూర్చింది.

"నీతో వాదించి గెలిచేదెవరే! ఏదీ, కొలత చెప్పు."

మర్నాడు అమ్మ కోసిచ్చిన తెల్ల టైలు ముక్కలు నాలుగూ తొట్టెలో పరిచేసరికి సైన్సు గదికే కొత్త వెలుగు వచ్చినట్టయింది. పిల్లలు ఎగబడి చూశారు. "రాజమహల్‌లా ఉంది!" అన్నారెవరో. పిచ్చుక ఉబ్బితబ్బిబ్బయింది.

మూగనోము మాత్రం ఒక టైలు మీద వేలు పెట్టి రాసి చూసింది. తర్వాత మెల్లగా అంది.

"వాడి కాళ్ళకి గోడబల్లికి ఉన్నట్టు పట్టు ఉండదు. గోళ్ళే. వీటి మీద జారతాడు."

పిల్లలంతా అటు తిరిగారు.

"అమ్మో! మూగనోముకి నోరుందిరోయ్!" అంది పిచ్చుక.

గదంతా ఒకటే నవ్వులు. మూగనోము చెవులు ఎర్రబడ్డాయి. మచ్చలయ్యను రెండు చేతులతో ఎత్తి టైలు మీద పెట్టి, మూత వేసి తాళం తిప్పింది.

ఆ రోజంతా మచ్చలయ్య పెట్టిన చోటు నుంచి పెద్దగా కదల్లేదు. సాయంత్రం మూగనోము ఒక పురుగు వేసింది. అతను దాని మీదికి దూకబోయాడు. ముందు కాళ్ళు రెండూ రెండు వైపులకు జారిపోయాయి. గడ్డం ఠప్పున టైలుకు తగిలింది. పురుగు పాక్కుంటూ వెళ్ళిపోయింది. ఇంకోసారి ప్రయత్నించలేదు అతను.

కిటికీ దగ్గర నిలబడ్డ పిచ్చుక అది చూసింది. 'కొత్త కదా. రెండు రోజుల్లో అలవాటైపోతుందిలే' అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

మర్నాడు భోజనాల గంట కొట్టాక అందరూ డబ్బాలు తీసుకుని వరండాలోకి పోయారు. పిచ్చుక ఒక్కతే సైన్సు గదిలోకి వచ్చింది. మచ్చలయ్య ఒక మూల కాళ్ళు చాపుకుని ఉన్నాడు. తెల్ల టైలు మీద అటూ ఇటూ తిరిగితే కింద నీడ ఎంత బావుంటుందో చూడాలని ఆమె ఆశ. అతనేమో కదలడు.

"లే బాబూ. కొంచెం నడు," అంటూ గాజు మీద వేలితో కొట్టింది. ఉలుకూ పలుకూ లేదు. జేబులోంచి స్టీలు స్కేలు తీసి టకటకా గట్టిగా కొట్టింది.

మచ్చలయ్య అదిరిపడ్డాడు. పరుగెత్తబోయాడు. నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు పోయాయి. ఒళ్ళంతా గిర్రున తిరిగి, తొట్టె మధ్యలో ఉన్న రాయికి గట్టిగా కొట్టుకున్నాడు.

మరుక్షణం తోక ఒక చోట, మచ్చలయ్య ఒక చోట.

తెగిన తోక తెల్ల టైలు మీద ఒక్కటే గిలగిలా కొట్టుకుంటోంది. మచ్చలయ్య రాయి వెనకకు ఎలాగో పాకి దాక్కున్నాడు. టైలు మీద చిన్న ఎర్రటి చార.

పిచ్చుక అరవలేదు. ఎవరినీ పిలవలేదు. స్కేలు జేబులో పెట్టుకుని, గదిలోంచి బయటపడి కుళాయి దగ్గరకు పరుగెత్తింది. చేతులకు ఏమీ అంటలేదు. అయినా కడిగింది. మళ్ళీ కడిగింది.

ఆమె తిరిగి వచ్చేసరికి సైన్సు గది గుమ్మంలో గుంపు. లోపల మూగనోము తొట్టె ముందు నిలబడి ఉంది. నీళ్ళ గిన్నె మార్చడానికి వచ్చిందట. మూత తెరిచి ఉంది. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

అప్పుడే ట్రైనింగ్ నుంచి వచ్చిన టీచరు చేతిసంచి కూడా దించకుండా తొట్టెలోకి చూసింది.

"ఎలా జరిగింది?"

మూగనోము తల అడ్డంగా ఊపింది.

"తోక పట్టుకుని లాగి ఉంటుంది టీచర్," అన్నాడొకడు. "తాళంచెవి దాని దగ్గరే కదా."

"లాగలేదు," అంది మూగనోము. ఆ మాట పక్కనున్నవాళ్ళకు కూడా సరిగ్గా వినపడలేదు.

టీచరు చెయ్యి చాచింది. "ఆ తాళంచెవి ఇటు ఇవ్వమ్మా. కొన్నాళ్ళు తొట్టె నేను చూసుకుంటాను."

మూగనోము మెడలోంచి దారం తీసి ఇచ్చింది.

పిచ్చుక గుమ్మంలోనే ఉంది. చెప్పేద్దామనుకుంది. నోరు తెరిచింది కూడా. రోజంతా గలగలా వాగే పిల్లకు ఆ ఒక్క మాటే దొరకలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో ముద్ద దిగలేదు. "ఒంట్లో బాలేదా?" అని అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. బాగానే ఉందని పిచ్చుక పక్కకు తిరిగింది. కాసేపటికి అడిగింది.

"అమ్మా, ఆ తెల్ల టైలు నేల మీద వేస్తే ఏమవుతుంది?"

"పడతారు. మా షాపు గుమ్మంలో వేశారు ఒకసారి. సామాన్లు మోసే ఆయన పడి మోచెయ్యి విరిగింది. వేయించిన షాపు యజమాని మాత్రం ఎంత బావుందో అని మురిసిపోయాడు. ఆయన బండిలో వచ్చి కుర్చీలో కూర్చునేవాడు, దాని మీద నడిచింది లేదు," అంటూ అమ్మ కంచాలు తీసింది. "ఏం, ఎందుకు?"

పిచ్చుక ఆమె చేతిలోని కంచాలు అందుకుని పెరట్లోకి పోయింది.

మర్నాడు పొద్దున ఆమె బడికి తొందరగా వచ్చింది. గేటు ఇంకా సగమే తెరిచారు. సైన్సు గది వెనకవైపు, చూరు నీళ్ళు కారే చోట ఎవరో నిలబడి ఉన్నారు. మూగనోము. గొడుగు కూడా లేదు. మునికాళ్ళ మీద లేచి కిటికీలోంచి తొట్టె వైపు చూస్తోంది. భుజాలు తడిసిపోయాయి. ఏడుస్తోందో, ముఖం మీద వాననీళ్ళో తెలియలేదు.

పిచ్చుక దగ్గరకు వెళ్ళలేకపోయింది. వెనుదిరిగి టీచర్ల గదికి నడిచింది.

"టీచర్. అది నేనే," అంది.

మిగతాదంతా తడబడుతూ చెప్పింది. గోడ టైలు సంగతి, అమ్మ వద్దన్న సంగతి, పురుగు తప్పిపోవడం తను చూసిన సంగతి, స్కేలు సంగతి. టీచరు అంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నిన్న నేను కూడా సరిగ్గా అడగలేదు," అంది. "ఆ అమ్మాయికి నేను చెప్పుకోవాల్సింది నేను చెప్పుకుంటాను. నీది నువ్వు చెప్పుకోవాలి."

మొదటి గంటలో టీచరు అందరి ముందూ తన పొరపాటు ఒప్పుకుని తాళంచెవి తిరిగి ఇచ్చింది. తర్వాత పిచ్చుక లేచి నిలబడింది. మూగనోము వైపు తిరిగి మొదటిసారి ఆమెను అసలు పేరు పెట్టి పిలిచింది.

"నువ్వు జారతాడని చెప్పావు. నేను ఎగతాళి చేశాను. తోక పోయింది నా వల్లే. నీ మీద నింద పడినప్పుడు కూడా నోరు మూసుకున్నాను."

క్లాసులో ఎవరూ నవ్వలేదు. ఆ అమ్మాయి ఆమె వైపు చూడను కూడా చూడలేదు. బల్ల మీద తాళంచెవి దారాన్ని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

ఆ రోజు, ఆ మర్నాడు కూడా మాటల్లేవు. ఇద్దరూ కలిసి టైల్స్ తీసేశారు. పుండు మానేదాకా కాగితాలు పరచమన్నారు డాక్టరు. పిచ్చుక రోజూ మాసిన కాగితం తీసి కొత్తది అందించేది. ఆ అమ్మాయి పరిచేది. మచ్చలయ్య తినడం లేదు. తోకలోనే కొవ్వు దాచుకుంటాడట. ఆ దాచుకున్నదంతా పోయింది. ఇప్పుడు రోజూ తూచి రాస్తున్న నోట్‌బుక్కులో మొన్న యాభై గ్రాములున్న అంకె నలభై రెండయింది, ఆ తర్వాత నలభై.

అయిదో రోజు పిచ్చుక అడిగింది. "మా అమ్మ షాపుకి వస్తావా? ఈసారి టైలు నువ్వు చూడు."

బడి వదిలాక ఆ అమ్మాయి ఆమె వెనకే నాలుగడుగుల దూరంలో నడిచింది.

షెడ్డులో ఆ అమ్మాయి ముక్కలన్నీ ఒక్కొక్కటే తీసి, కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమింది. చాలాసేపు పట్టింది. పిచ్చుకకు నోరు దురద పెట్టింది. ఇది చూడు, అది చూడు అనాలనిపించింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చివరికి ఆ అమ్మాయి మట్టిరంగు టైలు ఒకటి పక్కన పెట్టింది. ఎండిన బురదలా ఉంది. అందులో ముఖం కాదు కదా, దీపం వెలుగు కూడా కనిపించదు.

"ఇదే కొయ్యమ్మా," అంది పిచ్చుక.

పదిరోజులకు పుండు మానింది. కొత్త టైల్స్ పరిచి మచ్చలయ్యను దించారు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత ఒక కాలు వేశాడు. గోరు టైలుకు పట్టుకుంది. ఇంకో కాలు వేశాడు. రాయి దాకా వెళ్ళాడు. తోక ఉండాల్సిన చోట గుండ్రటి మొండి మాత్రమే ఉంది. మళ్ళీ తోక మొలుస్తుందట, మునుపటిలా మాత్రం ఉండదని డాక్టరు చెప్పారు. ఆ అమ్మాయి వేసిన పురుగు దగ్గరగా పాకింది. మచ్చలయ్య దాన్ని చూశాడు గానీ తినలేదు.

"రేపు తింటాడేమో," అంది ఆ అమ్మాయి, ఎవరితోనో అన్నట్టు.

అప్పుడే వరండాలో పరుగుల చప్పుడు. కొత్త టైల్స్ చూద్దామని క్లాసంతా ఒక్కసారిగా గుమ్మం మీదికి వచ్చిపడింది.

పిచ్చుక గబుక్కున వెళ్ళి తలుపుకు అడ్డంగా నిలబడింది. "ష్! మెల్లగా!" అని, వెనక్కి తిరిగి అడిగింది.

"వీళ్ళు ఇప్పుడు చూడొచ్చా? లేకపోతే రేపు రమ్మననా?"

ఆ అమ్మాయి తొట్టెలోకి వంగి మచ్చలయ్యను చూస్తోంది. బయట పిల్లలు తోసుకుంటున్నారు, తలుపు ఊగుతోంది. పిచ్చుక రెండు చేతులతో తలుపు పట్టుకుని, ఆమె చెప్పేదాకా మాట్లాడకుండా నిలబడింది.