ఇరవై ఒక్క రోజులకు మళ్ళీ అదే ప్రశ్న

"నాలుగో ప్రశ్న, ఏడో ప్రశ్న ఒకటే కదా పంతులమ్మా! అడిగిందే అడుగుతారేం? నేనేమైనా దొంగనా?"

టర్కీలోని తోకాత్ ఊరి కుస్తీ హాలులో తుంజర్ కాగితాన్ని పరిశోధక విద్యార్థిని ఫెర్దా చేతిలో పడేశాడు. చెవులు రెండూ నలిగిపోయిన పహిల్వాను.

"దొంగలు దొరుకుతారనే రెండుసార్లు అడిగేది. పూర్తి చెయ్యి," అంది ఫెర్దా.

ఆటగాడు తనను ఎంతవరకు ఆటగాడిగా భావిస్తాడో కొలిచే ప్రశ్నావళి అది. పుట్టింది ఇంగ్లీషులో. ఫెర్దా టర్కిష్‌లోకి తెచ్చింది. మరొకరు తిరిగి ఇంగ్లీషులోకి మార్చారు. రెండూ ఒకటేనా అని ఐదుగురు ప్రొఫెసర్లు నాలుగు నెలలు టీ తాగారు. ఇక నలభై మంది ఆటగాళ్ళు ఇవాళొకసారి, ఇరవై ఒక్క రోజులకు మరోసారి జవాబులివ్వాలి. అవి మారకుంటే ఫెర్దాకు డాక్టరేట్ పట్టా. మారితే మూడేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

ఒకటంటే కానే కాదు, ఏడంటే ముమ్మాటికీ అవును. కోచ్ వెనక నిలబడి మీసం దువ్వుతుంటే ఆ రోజు రాసినవాళ్ళంతా ఏడే పెట్టారు. 'నేనెప్పుడూ ఆట గురించే ఆలోచిస్తాను' అన్నచోట తుంజర్ కూడా ఏడే.

కాగితాలివ్వని వాళ్ళ కోసం ఫెర్దా రోజూ వచ్చేది. నాలుగో రోజుకే అందరూ ఇచ్చేశారు. అయినా వచ్చేది.

"ఇంకా ఎవరివ్వాలి?" అనేవాడు తుంజర్.

"ఎవరో ఒకరు."

"అయితే టీ తాగి వెతుకుదురుగాని, కూర్చోండి."

ఇరవై ఒకటో రోజున ముప్పై తొమ్మిది మంది జవాబులు చెక్కుచెదరలేదు. 'ఎప్పుడూ ఆట గురించే' అన్నచోట తుంజర్ ఏడు మాత్రం రెండైంది.

"వాడి వరస తీసెయ్యమ్మా. ఒక్క మీట నొక్కితే పోతాడు," అన్నారు ఆమె గైడు ప్రొఫెసర్ నెజ్దెత్, కంప్యూటర్‌లోని పట్టిక చూపిస్తూ.

ఫెర్దా వేలు మీట మీదే ఆగిపోయింది. మనిషిని పంపెయ్యడం ఇంత తేలికా?

మర్నాడు పొద్దున తుంజర్ మూడు వారాల శిక్షణకు అంకారా వెళ్తున్నాడు. ఫెర్దా బస్సు దగ్గరే పట్టుకుంది.

"ఏమయ్యా, ఈ మూడు వారాల్లో నీకేమొచ్చింది? జబ్బా?"

"మీరొచ్చారు. రోజూ వచ్చారు. ఇక ఆట గురించి ఆలోచించే తీరికేదీ?"

తుంజర్ గొంతు తగ్గించి, "ఇంకో కాగితం ఇవ్వండి. అన్నీ ఏడు పెట్టేస్తా. మీ పట్టా పోకూడదు," అన్నాడు.

సంచిలో ఖాళీ కాగితం ఉంది. ఆమె సంచి బిగించుకుంది.

"అబద్ధం రాస్తే ఊరుకోను. నీ వరస ఉంటుంది."

"లెక్క తప్పితే?"

"ఇంకో నలభై మందిని పట్టుకుంటా. ఆరు నెలలు పడితే పడనీ. ఈసారి చదరంగం వాళ్ళని!"

బస్సు కదిలింది. వెళ్ళినవాడు నీళ్ళలా సాఫీగా వెళ్ళి నీళ్ళలా తిరిగి రావాలని వెనకాల నీళ్ళు పొయ్యడానికి అతని తల్లి హాజెర్ కూజాతో నిలబడి ఉంది. ఫెర్దాను ఎగాదిగా చూసి, కూజా ఆమె చేతిలో పెట్టింది.

"నువ్వు పొయ్యమ్మా. నేను పోస్తే బట్టలు ఉతికించుకోడానికే వస్తాడు."

ఫెర్దా కూజాడు నీళ్ళూ ఒక్కసారే గుమ్మరించింది. చెప్పులు తడిసిపోయాయి.

"తిరిగొస్తావా? ఒకటి నుంచి ఏడు దాకా చెప్పు!" అని అరిచింది.

కిటికీలోంచి ఏడు వేళ్ళు లేచాయి.

"ఇరవై ఒక్క రోజులకు మళ్ళీ అడుగుతా!"