ఫొటోలో నాలుగో మనిషి

తాడేపల్లిగూడెంలో ఆ ఆదివారం పొద్దున సత్యవేణి కాఫీ తెచ్చి పిట్టగోడ మీద పెట్టింది. విశ్వనాథ్ దాన్ని తాగకుండా, మోకాళ్ళ మీద కూర్చుని కెమెరాలోంచి చూస్తున్నాడు. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, ఇప్పుడు ఫోన్లో పాఠాలు విని ఫొటోలు తీయడం నేర్చుకుంటున్నాడు. గ్లాసు నడిమధ్యన ఉండకూడదట, ఓ పక్కకు ఉండాలట. జరిపి జరిపి గ్లాసును గోడ అవతల పారేసినంత పని చేశాడు.

"ఏవండీ, ఇంకాసేపు చూస్తే ఆ కాఫీ పెరుగై తోడుకుంటుంది."

"ఫొటోలో ఆవిరి పడాలోయ్!"

"ఆవిరి ఎప్పుడో ఏలూరు దాటిపోయింది. కారు తియ్యండి, అక్కయ్య ఎదురుచూస్తూ ఉంటుంది."

సత్యవేణి అక్కయ్య జ్ఞానప్రసూనాంబ మండవల్లిలో కొడుకు దగ్గర ఉంటోంది. ఆవిడ కంటి నరం ఎండిపోతోందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ, మిగిలింది ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేమనీ డాక్టరు తేల్చేశాడు. ఆ రోజే ఆవిడ విశ్వనాథ్‌కు ఫోన్ చేసింది.

"మరిదిగారూ, కెమెరా కొన్నారట కదా. మా అక్కచెల్లెళ్ళం ముగ్గురమే ఉన్న ఫొటో ఒక్కటి తీసిపెట్టండి. కళ్ళుండగా చూసుకుంటాను."

కోరిక చిన్నదే. కానీ ఆ ఇంట్లో ముగ్గురు కలిసి ఫొటో దిగరు. చిన్నప్పుడు అలా దిగివచ్చిన వారానికే ఆఖరిది లక్ష్మీప్రసన్నకు టైఫాయిడ్ వచ్చి చావు దాకా వెళ్ళొచ్చింది. వాళ్ళమ్మ ఆ ఫొటోను పొయ్యిలో వేసేసింది. అప్పటినుంచి కెమెరా కనబడితే చాలు, సత్యవేణి నాలుగో మనిషి కోసం వీధిలోకి పరుగెత్తేది. ఆల్బం తిరగేస్తే ఒక ఫొటోలో బస్సు కండక్టరు, ఇంకోదాంట్లో బుట్టతో సహా జామకాయలావిడ. ఎవరూ దొరకని రోజున దూడను నిలబెట్టారు. లక్ష్మీప్రసన్న పెళ్ళిచూపులకు ఆ ఫొటో పంపితే, పెళ్ళివారు దూడ బాగుంది, ఏ ఊరిదని అడిగారని విశ్వనాథ్ ఊరంతా చెప్పి నవ్వించాడు. నమ్మినవాళ్ళూ ఉన్నారు.

ఏలూరు నుంచి లక్ష్మీప్రసన్న కూడా వచ్చింది. భోజనాలయ్యాక, ఎండ చల్లబడ్డాక, అందరూ కొల్లేటి గట్టు మీదకు నడిచారు. దూరంగా నీళ్ళలో గూడబాతులు తేలుతున్నాయి. విశ్వనాథ్ పాఠమంతా గుర్తు తెచ్చుకుని, పొద్దును వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

"వదినగారూ, కాస్త ఆ పక్కకు జరగండి. ఇటు నీళ్ళకు చోటివ్వాలి."

"నీళ్ళు రోజూ చూస్తూనే ఉన్నాను. మమ్మల్ని నడిమధ్యన, దగ్గర దగ్గరగా పెట్టండి. పక్కలనున్నవి నాకిప్పుడు కంటికి ఆనడం లేదు."

విశ్వనాథ్ ఇక పాఠం ఎత్తలేదు.

ఈలోపు సత్యవేణి గట్టున పోతున్న చేపల ఆటోను ఆపేసింది. "బాబూ, ఒక్క నిమిషం ఇలా వచ్చి నిలబడవా?"

"సత్యవేణీ! అతన్ని పోనీ!" జ్ఞానప్రసూనాంబ గొంతు అంత గట్టిగా ఎవరూ ఎన్నడూ వినలేదు. "నా ఫొటోల నిండా ఊళ్ళోవాళ్ళే. మనం ముగ్గురమే ఉన్నది ఒక్కటి లేదు."

"ఒకసారి దిగి చూశాం కదా అక్కయ్యా! చెల్లి దక్కిందే గొప్ప. ఇప్పుడు నీ కళ్ళిలా ఉంటే, ఇంకేం పోగొట్టుకోమంటావు? నేను దిగను."

"నాకేమైంది అక్కా? నన్ను మోయలేక మంచమే ఏడుస్తోంది. మీరైనా చెప్పండి బావగారూ" అంది లక్ష్మీప్రసన్న.

"నన్నడిగితే దూడను వెతుకుదామంటాను" అన్నాడు విశ్వనాథ్. ఎవరూ నవ్వలేదు.

జ్ఞానప్రసూనాంబ సత్యవేణి చెయ్యి పట్టుకుంది. "ఇన్నేళ్ళూ నలుగురమయ్యే దిగాం కదే. మరి నా కళ్ళెందుకు పోతున్నాయి?"

సత్యవేణి ఆవిడ భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. విశ్వనాథ్ కెమెరా దించేశాడు. తాను ఊరంతా చెప్పి నవ్వించిన ఆ పరుగులు, చెల్లెలి మంచం పక్కన బిక్కుబిక్కుమంటూ కూర్చున్న ఒక చిన్నపిల్లవని అతనికి ఇన్నేళ్ళ కాపురంలో తట్టనే లేదు.

"తియ్యండి" అంది సత్యవేణి ముఖం తుడుచుకుని. ఇద్దరి మధ్యా నిలబడింది. కళ్ళు గట్టిగా మూసేసుకుంది.

కెమెరాలోంచి చూసి విశ్వనాథ్ గతుక్కుమన్నాడు. వెనక వాలుతున్న పొద్దు అతని నీడను బారుగా లాగి, తలకాయతో సహా ముగ్గురి కాళ్ళ ముందు పరిచింది. తీసేవాడి నీడ ఫొటోలో పడితే తప్పు. పక్కకు జరగబోయినవాడు ఆగిపోయాడు.

"సత్యవేణీ, కళ్ళు తెరిచి కిందికి చూడు. నాలుగోవాణ్ణి నేనున్నాను."

ఆమె చూసింది. నీడ వంకా, మొగుడి వంకా మార్చి మార్చి చూసింది.

"ఆ తలకాయేమిటండీ, గుమ్మడికాయలాగా!"

ముగ్గురూ పకపకా నవ్వుతుండగా అతను మీట నొక్కాడు.

మరుసటి ఆదివారం ఫొటో ప్రింటు వేయించి తీసుకెళ్ళారు. జ్ఞానప్రసూనాంబ కిటికీ దగ్గర కూర్చుని, ముక్కుకు ఆనేంత దగ్గరగా పట్టుకుంది.

"కాళ్ళ దగ్గర ఈ నల్లటిదేమిటే?"

"నీ మరిదిగారే అక్కయ్యా. అసలు రంగు ఇప్పటికి బయటపడింది" అంది సత్యవేణి.

ఆవిడ మధ్యనున్న ముఖాన్నే చూసి, దాని మీద వేలితో నిమిరింది.

"నువ్వు నవ్విన ఫొటో మనింట్లో ఇదొక్కటేనే. మిగతా అన్నిట్లోనూ వీధి వంకే చూస్తుంటావు."