మల్లెకుంట బోర్డు

రఘునాథపల్లి దాటినాక పాత రోడ్డు ఒకచోట రెండుగా చీలుతుంది. పొద్దుగూకితే అక్కడ బండి ఆపేవాళ్ళుండరు. ఎంత పెద్ద లారీ అయినా సరే, ఆ చీలిక దగ్గర డ్రైవర్ హారన్ మీద చెయ్యి వెయ్యడు. వేస్తే ఎవరైనా తలెత్తి ఇటు చూస్తారేమోనని...

కుడివైపు పోయేది కొత్త లింకు రోడ్డు. వరంగల్ పోయే పెద్దరోడ్డులో కలుస్తుంది. ఎడమవైపు పోయేది మల్లెకుంట దారి.

మల్లెకుంట ఇప్పుడు లేదు. మొదట పెద్దరోడ్డు అటే వస్తుందన్నారు. ఇళ్ళు తీసుకున్నారు, కూలగొట్టారు. తర్వాత మ్యాపు మారింది, రోడ్డు ఇంకో పక్కనుంచి పోయింది. ఊరు పోయింది, ఊరి దారి మిగిలింది. సర్కారు తుమ్మల మధ్య నుంచి నున్నగా సాగి, ఒక మలుపు తిరిగి, ఉన్నట్టుండి ఆగిపోతుంది — ఒక వ్యవసాయ బావి ముందర. గోడ లేని బావి.

లింకు రోడ్డు వేసిన కొత్తలో రెండు బైకులు, ఒక ఆటో అందులో పడ్డాయి. బోర్డు లేక దారి తప్పారని అందరూ అనుకున్నారు. బోర్డు పెట్టారు. ఆ తర్వాత ఒక్క బండి పడలేదు.

కానీ ఇప్పుడు ఆ బోర్డుకే చెడ్డపేరు వచ్చింది. పగలు చూస్తే దాని మీద రోడ్డు నంబరు ఉంటుందట. రాత్రి చూస్తే ఊరి పేరు ఉంటుందట.

లేని ఊరి పేరు.

ఆ బోర్డు చేసింది సుభాషిణి. హన్మకొండలో ఆమెకు రోడ్డు బోర్డులు తయారుచేసే వర్క్‌షాప్ ఉంది. భర్త చంద్రమౌళి హైదరాబాద్ తిరిగి సరుకు తెస్తాడు, ఆమె పని చేయిస్తుంది. దెయ్యాల సంగతి పట్టించుకునే తీరిక ఆమెకు ఎప్పుడూ లేదు.

రోడ్ల ఆఫీసు ఇంజనీరు ఆ రోజు మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

“రేపు పొద్దుగాల నుంచి ఆ లింకు రోడ్డు మీద బస్సులు నడుస్తయి మేడం. మీ బోర్డు చూసి ఒక్క డ్రైవర్ బెదిరి స్టీరింగ్ ఎడమకు తిప్పిండనుకోండి... బస్సు నిండ జనం. కింద బావి. ఈ రాత్రికే మార్చుండ్రి.”

సుభాషిణి ఇంకో మాట లేకుండా కొత్త రేకు కోయించింది. ఎడమ దారికి అడ్డంగా డ్రమ్ములు పెట్టించమని ఇంజనీరుకు చెప్పింది. పెట్టిస్తామన్నాడు. పెట్టించలేదు.

చలికాలం. ఆమె, ఫిట్టర్ యాకయ్య ట్రాలీ ఆటోలో బోర్డు వేసుకుని అక్కడికి చేరేసరికి చీకటి పడింది. చుట్టూ పత్తి చేలు. ఒక్క లైటు లేదు.

“జర లైట్లు ఆపు,” అంది సుభాషిణి. వెలుతురు నేరుగా పడకుండా టార్చి పక్కకు పట్టుకుని బోర్డు చూసింది. పెద్దరోడ్డు నంబరు, దాని పక్కన ‘బి’ అక్షరం, కుడివైపు బాణం, వరంగల్. అంతా సక్రమంగానే ఉంది. లింకు రోడ్డుకు సొంత నంబరు ఉండదు. ఏ పెద్దరోడ్డులో కలుస్తుందో దాని నంబరే ఇచ్చి, వెనక ఒక ఇంగ్లిష్ అక్షరం తగిలిస్తారు. పెళ్ళయిన పిల్లకు ఇంటిపేరు మారినట్టు.

“ఇప్పుడు లైట్లెయ్యి.”

యాకయ్య హెడ్‌లైట్లు వేశాడు.

బోర్డు భగ్గున వెలిగింది. మొదట నంబరు. తర్వాత... నంబరు వెనక నుంచి, నీళ్ళ అడుగు నుంచి ఏదో పైకి తేలినట్టు, మెల్లగా — మల్లెకుంట.

సుభాషిణి బోర్డు దగ్గరికి పోయి, అంచు దగ్గర గోటితో గీకింది. లైటు పడితే మెరిసే రేడియం షీటు లేచింది. దాని కింద ఇంకో రేడియం షీటు.

“యాకయ్యా, ఇటు రా.”

వచ్చాడు.

“ఇది మనం మల్లెకుంటకు చేసిన రేకు గదా? ఊరు ఖాళీ అయిందని ఆఫీసోళ్ళు తీసుకోలే. మన గోడకు ఆనిచ్చి పెట్టినం. దాన్నే దీనికి వాడుమన్న. పాత షీటు గీకి వాడుమన్న.”

సుభాషిణి కింది షీటు మీదికి టార్చి తిప్పింది.

“గీకలే నువ్వు. పాతదాని మీదనే కొత్తది అంటించినవు. పగలు కనబడది. లైటు పడంగనే కింది అక్షరాలు మెరుస్తయి. ఇదీ దెయ్యం. జిల్లా అంతా వాట్సాప్‌ల తిప్పిన దెయ్యం.”

“గీకుదామనే కూసున్ననక్కా,” అన్నాడు యాకయ్య చిన్నగా. “చేతులు రాలే. పక్కూరు మాది. ఆ ఊరికి ఎన్నడూ ఒక్క బోర్డు పెట్టలే. పెట్టిచ్చుండ్రని భద్రమ్మ తిరగని ఆఫీసు లేదు. ఆఖరికి బోర్డు తయారైంది... అప్పటికి ఊరు లేదు.”

“భద్రమ్మ ఎవరు?”

“బోర్డు భద్రమ్మ అనేటోళ్ళం. అప్పుడు కుడిదిక్కు డొంక బాట ఉండె. కొత్తోళ్ళు అటు పోయి దారి తప్పుతాన్రని, పొద్దుగూకితే వచ్చి ఈడనే నిలబడేది. ఈడ నిలబడ్డంక నోట్లెకెళ్ళి మాట రాకపోయేది. చెయ్యి సాపి అట్ల ఎడమదిక్కు చూపెట్టేది. ఆఖరి బస్సు పోయేదాంక చెయ్యి దించకపోయేది. మేం పిలగాండ్లం నవ్వేటోళ్ళం.”

“ఇప్పుడేడున్నది?”

“ఊరు కూలగొట్టినా పోనన్నది. ఒక్కతే ఉన్నది. ఒకనాడు... ఆ బావిల తేలింది.”

గాలి లేదు. అయినా పత్తి చేలో ఏదో కదిలింది. కుక్క కావచ్చు.

“పానా తే,” అంది సుభాషిణి.

“అక్కా, ఒక్క మాట.” యాకయ్య గొంతు ఇంకా తగ్గింది. “ఈ బోర్డు పెట్టిననాటి సంది బావిల ఎవ్వలు పడలే. దీన్ని ఇట్లనే ఉండనియ్యరాదు?”

“బోర్డు పెట్టినం గనక పడలే. బోర్డున్నదే అందుకు. ఇయ్యాల కొత్తది పెడ్తాన్నం, ఇంకా మంచిగ కనబడ్తది. ఎందుకు ఫికర్? బోల్టు ఇప్పు.”

అతను ఇప్పాడు. పాత బోర్డు దించి ట్రాలీలో పడేశారు. కొత్తది ఎక్కించారు. లైటు వేసి చూస్తే నంబరు, అక్షరం, బాణం, వరంగల్. వెనక నుంచి ఏదీ తేలలేదు. సుభాషిణి ఫోటో తీసి ఇంజనీరుకు పంపింది.

లింకు రోడ్డు మీదుగా వచ్చి పెద్దరోడ్డు ఎక్కారు. ఒక హోటల్ ముందు ఆగి చాయ్ చెప్పారు. యాకయ్య తాగలేదు. వెనక్కి తిరిగి ట్రాలీలో ఉన్న బోర్డునే చూస్తూ కూర్చున్నాడు.

ఫోన్ మోగింది. చంద్రమౌళి.

“ఏడున్నరు?” అంది.

“రఘునాథపల్లిల పార్టీని కలిసి పాత రోడ్డెంబడి వస్తాన్న. నీ కొత్త బోర్డు చూసిన. మస్తు మెరుస్తాంది. హైదరాబాదోళ్ళు కూడ ఇట్ల చెయ్యరు.”

“మస్కా కొట్టింది చాలు గని, ఇంటికొచ్చేటప్పుడు పాలు తెండ్రి. లింకు రోడ్డెక్కినరా?”

“ఆ... ఎక్కిన. ఇదేం రోడ్డే, రెండు దిక్కుల తుమ్మలే ఉన్నయి.”

సుభాషిణి చేతిలో గ్లాసు ఆగింది. లింకు రోడ్డుకు తుమ్మలు లేవు.

“బోర్డు మీద బాణం ఎటున్నది?”

“కుడికే ఉన్నది. కని డైవర్షన్ పెట్టినరు గదా. ఎవరో ముసలమ్మను నిలబెట్టినరు. నీ బోర్డు కిందనే ఉన్నది. చెయ్యి సాపి ఎడమకు చూపెట్టింది. పాపం, ఈ చలిల గాజులు కూడ లేని చెయ్యి...”

“ఆపుండ్రి.”

“ఏమైంది?”

“బండి ఆపుండ్రి. ఉన్నకాడనే.”

బ్రేకు చప్పుడు వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు. ఊపిరి మాత్రం.

“సుభా...” అన్నాడు. “ముంగట రోడ్డు లేదు. లైట్ల వెలుతురు కిందికి పోతాంది. నీళ్ళు కనబడతానయి.”

“బండి కదిలియ్యకుండ్రి. మెల్లగ దిగి వెనుకకు రాండ్రి. మేం వస్తాన్నం.”

యాకయ్య అప్పటికే ట్రాలీ తిప్పాడు.

చీలిక దగ్గరికి వచ్చినప్పుడు సుభాషిణి బోర్డు కిందికి చూడకూడదనుకుంది. చూసింది. ఎవరూ లేరు. రెండు ఇనుప స్తంభాలు, వాటి మీద కొత్త బోర్డు. అంతే. దాన్ని దాటి ఎడమకు తిరిగారు.

కారు ముందు చక్రాలు బావి ఒడ్డు మట్టిలో దిగి ఉన్నాయి. చంద్రమౌళి దూరంగా తుమ్మ మొదలు పట్టుకుని నిలబడ్డాడు. తాడు కట్టి, ట్రాలీతో కారును మెల్లగా వెనక్కి గుంజారు. ఒడ్డు పెళ్ళ ఒకటి విరిగి పడింది. నీళ్ళ చప్పుడు చాలా కింద నుంచి వచ్చింది.

కారు ముందు, ట్రాలీ వెనక, తిరిగి చీలిక దగ్గరికి వచ్చారు. కారును చీలిక దాటించి, మూతి వరంగల్ వైపు ఉండేలా కుడి రోడ్డు మీద నిలబెట్టించింది సుభాషిణి. భర్తను లోపలే కూర్చోమంది. దిగింది.

“యాకయ్యా,” అంది. “పాతది దించు.”

“ఆఫీసోళ్ళు అడిగితే?”

“నేను చెప్పుకుంట. తీగ తే.”

ఎడమ దారి మొదట్లో ఒక తుమ్మ ఉంది. పాత బోర్డు పై షీటు మొత్తం ఊడబీకింది సుభాషిణి. గోళ్ళు విరిగాయి. నంబరు పోయింది, అక్షరం పోయింది, బాణం పోయింది. మిగిలింది ఒక్క పేరు. దాన్ని తుమ్మ మొద్దుకు బిగించి కట్టారు. దాని కింద, దారికి అడ్డంగా, ట్రాలీలో ఉన్న ఇనుప పైపులు రెండు పాతి తాడు లాగారు.

యాకయ్య హెడ్‌లైట్లు వేశాడు. మల్లెకుంట. తెల్లగా, స్పష్టంగా.

సుభాషిణి చేతులు దులుపుకుని వచ్చి కారులో డ్రైవర్ పక్క సీట్లో కూర్చుంది. “ఇగ నడువుండ్రి,” అంది.

చంద్రమౌళి బండి స్టార్ట్ చెయ్యలేదు. పైన ఉన్న అద్దంలోకి చూస్తున్నాడు. రెప్ప వెయ్యడం లేదు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. తుమ్మ, బోర్డు, లైట్ల వెలుతురులో యాకయ్య. ఇంకెవరూ లేరు.

“ఏమైంది?” అంది.

అతను అద్దంలో నుంచి కళ్ళు తియ్యకుండానే, గుసగుసగా అన్నాడు —

“చెయ్యి దించింది, సుభా.”