పట్టుకున్నావా?

ఆమె నన్ను అడిగిన మొదటి మాట, "బాత్రూమ్ ఎక్కడండీ?"

నేను చెప్పిన మొదటి మాట, "మీకెక్కడ ఉంటుందనిపిస్తోంది?"

ఇందులో నా తప్పు సగమే. మిగతా సగం మా బావది. ఊరి బయట చెట్ల మధ్య తాళ్ల వంతెనలు, నిచ్చెనలు, ఎత్తు స్తంభాలు కట్టించి, స్కూలు పిల్లల్నీ కాలేజీ పిల్లల్నీ రప్పించి ఆటలాడిస్తుంటాడు. భయం పోగొట్టే ఆటలు, నలుగురితో కలిసి పనిచేయడం నేర్పే ఆటలు. నన్నూ అందులోకి లాగి, చేరిన రోజే ఒక సూత్రం నూరిపోశాడు.

"ఒరేయ్ బామ్మర్దీ, పిల్లలేదడిగినా జవాబు చెప్పకు. తిరిగి నువ్వే ప్రశ్న అడుగు. వాళ్లే ఆలోచించుకోవాలి, వాళ్లే తేల్చుకోవాలి. నువ్వు చెప్పేశాక ఇంక ఆటేముంది?"

ఆ సూత్రం నాకెంత ఒంటబట్టిందంటే, ఇంట్లో అమ్మ "వడ్డించమంటావా?" అన్నా "నీకేమనిపిస్తోందమ్మా?" అనేవాణ్ణి. అలా ఒకటి రెండుసార్లు పస్తు కూడా పడుకున్నాను. పిల్లలైతే నాకు క్వశ్చన్ బ్యాంక్ అని పేరు పెట్టేశారు.

ఆ రోజు ఒక కాలేజీ బ్యాచ్‌కి కళ్లకు గంతలు కట్టి తాడు పట్టుకుని నడిపిస్తున్నాను. వీపు మీద పెద్ద సంచీతో ఒకమ్మాయి వచ్చింది. లేటుగా వచ్చిన స్టూడెంటేమో అనుకున్నాను.

"నాకేమనిపిస్తే మీకెందుకండీ? పొద్దున్నుంచి బస్సులోనే ఉన్నాను. ఎటో చెప్పండి."

"వెరీ గుడ్. ఈ సమస్యకి మీ ముందున్న దారులేంటి?"

ఆమె నన్ను కింది నుంచి పైకి ఒకసారి చూసింది. "ఒక దారుంది. మిమ్మల్ని ఆ కొమ్మకి తలకిందులుగా వేలాడదీసి అప్పుడడుగుతాను. కాకపోతే ముందు ఆ కొమ్మకున్న తాడు ముడి విప్పి మళ్లీ కట్టాలి. ఎవరు కట్టారో గానీ, మిమ్మల్ని మోసేలా లేదు."

కట్టింది నేనే. ఆ మాట బయటపెట్టలేదు.

గంతలు కట్టుకున్న పిల్లల్లో ఒకడు జాలిపడి "ఆఫీసు వెనకాల, అక్కా" అన్నాడు. ఆమె పరుగే పరుగు.

కాసేపటికి బావ ఆమెని వెంటబెట్టుకుని వచ్చాడు. "మన కొత్త తాళ్ల ఇన్‌ఛార్జి. ఇకనుంచి ఈమె సరే అంటేనే ఎవరైనా పైకెక్కేది. ఇతను మా బామ్మర్ది."

"పరిచయమైంది లెండి" అంది పళ్లు బిగబట్టి. నేను నా బూట్ల లేసులు చూసుకున్నాను.

ఆ రోజునుంచీ నేను కట్టిన ప్రతి ముడీ ఆమె లాగి చూడాల్సిందే, మూతి తిప్పాల్సిందే, విప్పి మళ్లీ కట్టాల్సిందే. పిల్లలు ఆమెకి ముడి మేడమ్ అని పేరు పెట్టారు. మీరు కాస్తా నువ్వు అయింది. పోట్లాడుకోవడానికి నువ్వే సుఖంగా ఉంటుంది.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి కుండపోత వాన. పిల్లలు హాల్లోకి, మేమిద్దరం తాళ్లు చుట్టుకుని షెడ్డులోకి పరిగెత్తాం. ఆమె తాళ్లు ఆరేస్తుంటే నేను ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చాను.

"ఇందులో చక్కెర వేశావా?"

"తాగితే తెలుస్తుందిగా?"

"నాయనా, నీకు దణ్ణం పెడతాను. జన్మకో జవాబైనా తిన్నగా చెప్పవా?"

"ఎందుకు చెప్పాలనుకుంటున్నావ్?"

తడి తాడు వచ్చి నా మొహానికి తగిలింది. నా అవతారం చూసి ఆమె పడీపడీ నవ్వింది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి, చేతిలో టీ ఒలికిపోతోంది, అయినా నవ్వు ఆపడం లేదు. నా పని అయిపోయిందని నాకప్పుడే తెలిసిపోయింది. ఆ తర్వాత నుంచి కావాలనే ముడులు తప్పు కట్టి ఆమె చేతికి ఇచ్చేవాణ్ణి. విప్పి మళ్లీ కడుతున్నంతసేపూ పక్కన నిలబడి తిట్లు తినొచ్చు కదా.

అలా హాయిగా తిట్లు తింటున్న రోజుల్లో, ఒక సాయంత్రం ఆమె తాళ్లు సర్దుతూ సర్దుతూ ఆగిపోయింది.

"కొండ మీద కొత్తగా పెద్ద క్యాంపు పెట్టారు. తాళ్ల విభాగానికి హెడ్‌గా రమ్మంటున్నారు. రేపు సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పాలి." కొంచెం తటపటాయించింది. "వెళ్లమంటావా?"

'వెళ్లకు' అనే మాట గొంతు దాకా వచ్చింది. కానీ అంత మంచి అవకాశం. ఎంతో కష్టపడి నేర్చుకున్న పని. అడ్డం పడటానికి నేనెవర్ని? ఆమె జీతం, ఆమె జీవితం, ఆమె ఇష్టం. ఇలా ఆలోచించుకుని మహా పెద్దమనిషిలా గొంతు సవరించుకున్నాను.

"నీకేమనిపిస్తోంది?"

"నేనడిగింది నీకేమనిపిస్తోందని."

"నిర్ణయం నీదే కదా. నేను…"

చేతిలో ఉన్న తాడు చుట్ట తెచ్చి నా ఒళ్లో పడేసింది. "సరే. వస్తున్నానని రేపు ఫోన్ చేసి చెప్పేస్తాను." తిట్టలేదు, మూతి కూడా తిప్పలేదు. అందుకే నాకు భయం వేసింది.

మర్నాడు స్కూలు బ్యాచ్ వచ్చింది. ఎత్తు స్తంభం ఎక్కి, పైనుంచి దూకి, ఎదురుగా వేలాడే గంట కొట్టాలి. నడుముకి తాడు ఉంటుంది, ఆ తాడు రెండో చివర కింద మా చేతిలో ఉంటుంది. ఎక్కే ముందు పిల్లలు "పట్టుకున్నారా?" అని అడగాలి. మేం "పట్టుకున్నాను" అనాలి. అప్పుడే అడుగు పైకి వేయాలి.

రెండు జడల పిల్ల ఒకతి నిచ్చెన దగ్గర నిలబడింది. తాడు నా చేతిలో ఉంది, బుర్ర మాత్రం కొండ మీద క్యాంపులో ఉంది.

"అన్నా, పట్టుకున్నారా?"

"నీకేమనిపిస్తోంది?" అన్నాను.

ఆ పిల్ల పెదవి వణికింది. నిచ్చెన వదిలేసి వెనక్కి వచ్చేసింది. ఎక్కడినుంచి వచ్చిందో గానీ, ముడి మేడమ్ వచ్చి నా చేతిలో తాడు తీసేసుకుంది. ముందు ఆ పిల్ల కళ్లలోకి చూస్తూ "నేను పట్టుకున్నానమ్మా. ఎక్కడం ఎక్కకపోవడం నీ ఇష్టం" అంది. ఆ పిల్ల ముక్కు తుడుచుకుని, ఎక్కింది, దూకింది, గంట కొట్టింది.

తర్వాత నా వైపు తిరిగి, పిల్లలకి వినపడనంత మెల్లగా అంది. "ఎక్కాలా వద్దా అన్నది ఆ పిల్ల తేల్చుకోవాలి, నిజమే. కానీ కింద నువ్వున్నావో లేదో కూడా ఆ పిల్లే ఊహించుకోవాలా?"

మాట ఆ పిల్ల గురించే. కళ్లలో నీళ్లు మాత్రం ఆ పిల్ల కోసం కాదు. నా మట్టిబుర్రకి కూడా అప్పటికి విషయం అర్థమైంది.

నేను ముందు ఆ పిల్ల దగ్గరికి వెళ్లి "తప్పు నాదమ్మా" అని చెప్పాను. "ఫర్వాలేదు అన్నా. ఇంకెప్పుడూ అలా అనకండి" అంది పెద్ద ఆరిందాలా.

సాయంత్రం పిల్లలు బస్సు కోసం చూస్తూ గట్టు మీద కూర్చున్నారు. స్తంభం మీద గంట సరిచూడడానికి ముడి మేడమ్ ఎక్కబోతోంది. కింద తాడు బావ చేతిలో ఉంది.

"బావా, ఆ తాడు ఇలా ఇయ్యి."

బావ నన్ను అనుమానంగా చూశాడు. "పొద్దున్న చేసింది చాలదా?"

"ఇయ్యి బావా, నీకు పుణ్యముంటుంది."

ఇచ్చాడు. తాడు చివర నా నడుముకి ముడేసుకున్నాను. ఆమె అటు తిరిగి ఉంది, నిచ్చెన మీద చెయ్యేసి అడిగింది. "పట్టుకున్నారా?"

"పట్టుకున్నాను."

గిరుక్కున తిరిగింది. "నువ్వా?"

"నేనే."

దగ్గరికి వచ్చి నేను కట్టిన ముడి లాగి చూసింది. ఈసారి విప్పలేదు. వెళ్లి ఎక్కేసింది. గంట సరిచూసి, స్తంభం చివర నిలబడింది. అప్పుడు పిలిచాను.

"ఏయ్! నిన్న అడిగినదానికి జవాబు చెప్పాలి నీకు!"

"ఇప్పుడా?"

"ఇప్పుడే! చేతిలో తాడుంది, పారిపోలేను!" ఊపిరి పీల్చుకున్నాను. "నువ్వు వెళ్లకూడదని నాకుంది. నువ్వంటే నాకు ఇష్టం, చాలా ఇష్టం. నువ్వు వెళ్తానంటే ఆపను, సెలవు దొరికినప్పుడల్లా నేనే కొండెక్కి వస్తాను. కానీ నాకేమనిపిస్తోందంటే ఇదే!"

గాలికి తాడు ఊగుతోంది.

"వినపడలేదు!" అంది.

"నువ్వంటే ఇష్టం!"

"ఏంటీ? గాలి ఎక్కువగా ఉంది!"

గట్టు మీదనుంచి రెండు జడల పిల్ల చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచింది. "మీరంటే ఇష్టమంట మేడమ్!" బ్యాచ్ మొత్తం అందుకుంది. చెట్ల మీద పిట్టలు లేచిపోయాయి.

"వాళ్లు కాదు, నువ్వు చెప్పు!"

"నువ్వంటే నాకు ఇష్టం!" గొంతు చించుకుని అరిచాను.

ఆఫీసులోంచి మా అక్క పరుగెత్తుకొచ్చింది. "ఎవరికేమైంది? ఏంటా అరుపులు?"

"ఏం కాలేదు. మీ తమ్ముడు ఒక ప్రశ్నకి జవాబు చెప్పాడు" అన్నాడు బావ.

అక్క పైకి చూసింది, నన్ను చూసింది, నడుం మీద చెయ్యేసుకుంది. "ఇన్నాళ్లకా! అమ్మాయ్, జాగ్రత్తగా దిగి రా. మా అమ్మకి నేను చెప్తాను."

పైనుంచి ఆమె గొంతు వినిపించింది, ఈసారి మెల్లగా. "పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను."

దూకింది. గంట ఖంగుమంది. పిల్లల ఈలల మధ్య మెల్లగా తాడు వదులుతూ కిందికి దించాను. కాళ్లు నేలకి తగలగానే నా చెవి దగ్గరికి వచ్చింది.

"మొదటిసారే వినపడింది."

"మరి మూడుసార్లు ఎందుకు అరిపించావ్?"

"ఎన్నాళ్లు సతాయించావో లెక్కుందా నీకు? నాకు మొదటినుంచీ ఇక్కడే ఉండాలని ఉంది, మొద్దూ. నీకు ఉందో లేదో తెలిసి చావాలి కదా!"

నడుముకున్న తాడు విప్పకుండానే జేబులోంచి ఫోన్ తీసి కలిపింది. పిల్లలు, అక్క, బావ అందరూ చెవులు రిక్కించారు.

"నమస్తే అండీ. లేదండీ, నేను రావడం లేదు. అబ్బే, జీతం గురించి కాదండీ. క్యాంపు కూడా చాలా బావుంది. కారణమా?"

నా వైపు చూసింది. అదే షెడ్డులో చూసిన నవ్వు, పెదవుల చివర ఆగలేక ఆగి ఉంది.

"మీకేమనిపిస్తోందండీ?"