ఎడమవైపు ఆరో పలక

అసురసంధ్య! పడమటి దిక్కున రక్తవర్ణం కరిగి కాటుకలా చిక్కబడుతున్న వేళ... ఏటి ఒడ్డున లంగరు వేసిన నూరేళ్ల నాటి తెరచాప ఓడ మీద గుడ్లగూబ కఠోరంగా కూసింది! ఎక్కడో ఉరుము ఉరిమింది!

ఇంట్లో కనబడని చెల్లెల్ని వెతుక్కుంటూ ఓడ అడుగు గదిలోకి దిగిన వడ్రంగి నిలువునా కొయ్యబారిపోయాడు. తెరచాప స్తంభం మొదలుకు కొత్త తాళ్లతో కట్టేసి ఉంది ఆమె! విరబోసిన కేశాలు... తేలేసిన కళ్లు... పాదాల చెంత నెత్తుటి బొట్టుతో ఒక కపాలం! ఆమె నోటి నుంచి మగగొంతు వస్తోంది.

"బావా... పలక గట్టిదేనా? బావా..."

అది ఆమె భర్త గొంతు. అతను చచ్చిపోయి నెలైంది!

ఆ పాత ఓడను జనం ఆదివారాలు జీతం బత్తెం లేకుండా బాగుచేసేవాళ్లు. వడ్రంగి పలకలు బిగిస్తే, చెల్లెలి భర్త వాటి సందుల్లో నార కూరి తారు పూసేవాడు. పలక గట్టిదని వడ్రంగి చెబితే తప్ప తారు పూయకూడదన్నది వాళ్ల కట్టుబాటు. ఎడమవైపు ఆరో పలక లోపల పుచ్చిపోయింది. మారిస్తే ఓడ నీళ్లలోకి దిగడం పదిరోజులు ఆగుతుంది. రంపపుపొట్టు, జిగురు కలిపి పుచ్చు పూడ్చేసి, "గట్టిదే, కానియ్" అన్నాడీ పెద్దమనిషి. తొలి ప్రయాణంలోనే పలక పగిలింది. నీళ్లు ఆపడానికి అడుగుకు దిగిన చెల్లెలి భర్త మళ్లీ పైకి రాలేదు. కన్నానికి రేకు కొట్టి ఓడను ఒడ్డున కట్టేశారు.

"తారు సరిగ్గా పుయ్యలేదు, చేజేతులా చచ్చాడు" అన్నారు జనం. వడ్రంగి తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. చెల్లెలు తన భుజం మీదే తల వాల్చి ఏడ్చినప్పుడు కూడా ఊరుకున్నాడు!

చీకటి మూల నుంచి వికటాట్టహాసం! తాళ్ల పనికని వారం కిందట చేరిన జడలవాడు! భర్తతో ఒక్క మాట మాట్లాడిస్తానని ఆమెను నమ్మించి రప్పించిన క్షుద్రోపాసకుడు!

"నింద మోస్తూ చచ్చినవాడి ప్రేతం ఎంత బలమైందో తెలుసా? నిజం బయటపడనంతకాలం వాడికి విముక్తి లేదు! కాసేపట్లో ఇది చస్తుంది... వాడు ఈ కపాలంలో నాకు బానిసై పడుంటాడు! నోరు మూసుకుని ఇంటికి పోరా. నీ గుట్టు నా దగ్గర భద్రం!"

నిజం చెప్పొద్దూ... వడ్రంగి కాలు నిచ్చెన వైపు ఒక అడుగు వేసింది. అంత నీచత్వం తనలో ఉందని అతనికి అప్పుడే తెలిసింది.

"బావా... పలక గట్టిదేనా?"

"కాదు!" వడ్రంగి గుండె పగిలేలా అరిచాడు. "కాదయ్యా! పుచ్చిందని నాకు తెలుసు! తెలిసే నీతో అబద్ధమాడాను. నీ తప్పు ఆవగింజంత కూడా లేదు... నిన్ను చంపింది నేనే!"

మరుక్షణం పిడుగుపాటు! కపాలం నిలువునా చీలింది. ఆమెను కట్టిన తాళ్లు వాటంతట అవే విడివడి, బుసలు కొడుతూ మాంత్రికుడి కంఠాన్ని చుట్టుకున్నాయి. "వద్దు... నేను నీ ప్రభువును..." అన్న కేక సగంలోనే తెగింది. అడుగు రేకు ఫెళ్లున ఊడి, ఏరు లోపలికి ఉరికి, వాణ్ని ఆ కన్నంలోంచే ఈడ్చుకుపోయింది!

మోకాటి లోతు నీళ్లలో చెల్లెలు కళ్లు తెరిచింది. వడ్రంగి ఆమె కాళ్ల మీద పడబోయాడు. ఆమె వెనక్కి జరిగింది.

"అంతా విన్నాను అన్నయ్యా. నాకు కాదు... ఆయన మీది నింద చేరిన ప్రతి గడపకీ వెళ్లి చెప్పు. పద."

అతను చెయ్యి అందించినా ఆమె పట్టుకోలేదు. తనే నిచ్చెన ఎక్కింది.

మొదటి గడప ఆమె అత్తగారిది. తలుపు తీసిన ముసలావిడ వడ్రంగిని చూసి కంగారుపడింది.

"అయ్యో నాయనా, ఇలా తడిసిపోయావేంటి! నా కొడుకు పోయాక మాకు ఉన్నది నువ్వొక్కడివే. రా, లోపలికి రా."

వడ్రంగి లోపలికి వెళ్లలేదు. గడప బయటే నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు.